నలభై శాతం కవచం

మా అమ్మాయి కాగితం మీద పెన్సిల్‌తో రాసుకున్న పేరుని రబ్బరుతో చెరిపేసి అక్కడే ఇంకో పేరు రాసింది. చెరిపేసింది ఆడపేరు, రాసింది మగపేరు. ఎందుకు మారుస్తున్నావని ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళం ఎవరమూ అడగలేదు. ఆడమనిషిగా ఉంటే 600 బంగారు నాణేలు కట్టాలి, మగవాడైతే అక్కర్లేదు. పదహారేళ్ళ పిల్ల లెక్క వేసుకుంది, అంతే.

ఇది 2019 ఫిబ్రవరిలో, అమెరికాలోని విస్కాన్సిన్‌లో, బయట మోకాలి లోతు మంచు పడి ఉన్న ఒక శనివారం సాయంత్రం జరిగింది. ఆ నాణేలు నిజం నాణేలు కావు. చెరిపేసిన పేరు కూడా మా అమ్మాయి పేరు కాదు, అది ఆడే పాత్ర పేరు. "ఆటే కదా అక్కా, ఇంత సీరియస్‌గా తీసుకుంటారేంటి?" అని ఆ సాయంత్రం నన్ను మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ నేను నసిగాను. అప్పుడు చెప్పలేకపోయింది ఇప్పుడు చెప్తున్నాను.

మీలో చాలామందికి ఈ ఆట తెలియకపోవచ్చు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అని, గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్ల పేర్లతో 1974లో అచ్చయింది. అచ్చువేసిన కంపెనీ మేముండే ఊరికి గంటన్నర దూరంలో ఉన్న లేక్ జెనీవా అనే చిన్న ఊళ్ళోది. ఒకరు కథ నడుపుతారు, ఆ మనిషిని డంజన్ మాస్టర్ అంటారు. మిగిలినవాళ్ళు తలా ఒక పాత్రని తయారుచేసుకుని దాని బలం, తెలివి, ఆస్తిపాస్తులు ఒక కాగితం మీద రాసుకుంటారు. బుర్రకథలో కథకుడు మధ్యలో ఆగి, వంతల వైపు తిరిగి "ఇప్పుడు నువ్వేం చేస్తావో నువ్వే చెప్పు" అంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. చెప్పింది జరిగిందో లేదో తేల్చడానికి ఇరవై ముఖాల పాచిక ఒకటి ఉంటుంది. నేను మొదట్లో పిల్లకి తోడుగా వెళ్ళి కూర్చున్నాను. నెల తిరిగేసరికి నాకూ ఒక పాత్ర, ఒక దేవుడు, ఒక గద వచ్చాయి.

ఈ ఆటలో కవచం అంటే ఒక అంకె. ఆర్మర్ క్లాస్ అంటారు. శత్రువు పాచిక వేసి, వచ్చిన అంకెకి తన నైపుణ్యం కలిపి, మీ ఆర్మర్ క్లాస్‌ని అందుకుంటే దెబ్బ తగిలినట్టు. మేం ఆడింది 2014లో వచ్చిన అయిదో కూర్పు. అందులో ఇనుప కడియాలు అల్లిన చైన్ మెయిల్ తొడుక్కుంటే 16, ఒళ్ళంతా ఇనుప రేకులతో కప్పే ప్లేట్ ఆర్మర్ తొడుక్కుంటే 18. రెండే కదా తేడా అనుకోకండి. నైపుణ్యం 5 ఉన్న శత్రువుకి 16ని అందుకోవడానికి పాచిక మీద పది ముఖాలు పనికొస్తాయి, 18 అయితే ఎనిమిదే. అందరికంటే ముందు నిలబడి దెబ్బలు కాసే పాత్రకి బతకడం, చావడం ఆ రెండు ముఖాల మధ్యే ఉంటుంది. ధరలో మాత్రం పోలికే లేదు. చైన్ మెయిల్ 75 బంగారు నాణేలు, ప్లేట్ 1,500.

అలాంటి ప్లేట్ ఆర్మర్ మాకు ఊరికే దొరికింది. పాడుబడిన కోటలో ఎప్పుడో చచ్చిపోయిన సర్దారు ఒకడు దాన్ని తొడుక్కునే పడి ఉన్నాడు. మా గుంపులో ముందు నిలబడేది మా అమ్మాయి పాత్ర. బలం 16. ఆ కవచం మోయడానికి పుస్తకం అడిగే బలం 15. ఇంక అది తనదే అనుకున్నాం అందరం. అప్పుడు డంజన్ మాస్టర్ తన నోట్‌బుక్ తిరగేశాడు. తెలుగబ్బాయే, సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, నన్ను నోరారా అక్కా అని పిలుస్తాడు, మా ఇంట్లో గోంగూర పచ్చడి అడిగి మరీ పట్టుకెళ్తాడు. దుర్మార్గుడు కాడు. ఆ నోట్‌బుక్‌లోంచి ఒక హౌస్ రూల్ చదివాడు: మగవాళ్ళ కోసం చేసిన కవచాన్ని ఆడ పాత్ర తొడుక్కోవాలంటే కమ్మరి దగ్గర సవరించుకోవాలి, ఖర్చు దాని ధరలో 40 శాతం. 1,500లో 40 శాతం అంటే 600. మా అందరి మూటలూ దులిపినా అంత లేదు.

"బాడీ షేప్ వేరు కదా అక్కా. రియలిజం కోసం."

మా గుంపులో హాఫ్-ఆర్క్ ఒకడున్నాడు. సగం మనిషి, సగం రాక్షసుడు అనుకోండి. ఆరడుగులు దాటిన మనిషి, కోరలు, ఎద్దు మెడ. ఆ పాత్ర ఆడే కుర్రాడు "అయితే నాకు సరిపోతుందా?" అన్నాడు. సరిపోతుందట. వాడికి పైసా ఖర్చు లేదట. "లేదంటే నువ్వు కూడా మగ కారెక్టర్‌గా మార్చేసుకో తల్లీ, ఫ్రీగా ఇచ్చేస్తా" అని మా అమ్మాయితో నవ్వుతూ అన్నాడు డంజన్ మాస్టర్. అది నవ్వలేదు. రబ్బరు తీసుకుంది.

ఇంటికొచ్చాక నేను పుస్తకం తీసి చూశాను. ఈ నియమం ఎక్కడి నుంచి ఊడిపడిందో తెలుసుకోవాలనిపించింది. ఉంది. దొరికిన వస్తువులు అందరికీ సరిపోవాలని లేదు, కావాలంటే పాటించండి అని ఒక ఐచ్ఛిక నియమం ఉంది. సవరణ ఖర్చు ధరలో 10 నుంచి 40 శాతం అనీ, దాన్ని నాలుగు ముఖాల పాచిక వేసి తేల్చుకోవచ్చనీ అందులోనే ఉంది. ఒక మనిషికి చేసిన ప్లేట్ ఆర్మర్ ఇంకో మనిషికి పట్టకపోవచ్చు అంటుంది పుస్తకం. ఆడ, మగ అన్న మాటే లేదు. పొట్టివాళ్ళ తోలు చొక్కాలో బండ హాఫ్-ఆర్క్ పట్టడని కూడా అక్కడే ఉదాహరణ ఇచ్చారు. అంటే పుస్తకం ఎవర్ని పట్టదని చెప్పిందో వాడికి ఊరికే ఇచ్చేసి, ఎవరి ఊసే ఎత్తలేదో ఆ మనిషి దగ్గర 40 శాతం వసూలు చేశారు. అది కూడా పాచిక వెయ్యకుండా, సరాసరి పై అంకె!

చరిత్ర వైపు నుంచి చూసినా ఇది నిలబడదు. పదిహేనో శతాబ్దపు యూరప్‌లో డబ్బున్న యోధుడు పూర్తి ప్లేట్ కవచాన్ని తన కొలతలకి చేయించుకునేవాడు. భుజం, నడుం, తొడ, పిక్క, అన్నీ ఆ ఒక్క ఒంటివే. ఇంకో మగవాడికి పిక్క దగ్గరే ఆగిపోతుంది. లోపల దూది కూరిన మందపాటి అంగరఖా, దాని మీద తోలుపట్టీలు, బకిల్స్, వీటితో కొంత బిగించుకోవచ్చు, కొంత వదులు చేసుకోవచ్చు. ఆ వెసులుబాటు ఆడ ఒంటికీ మగ ఒంటికీ ఒకటే. ఇక ఆ ఛాతీ రేకు మధ్యలో ముందుకి పొడుచుకొచ్చి పక్కలకి వాలి ఉంటుంది, కత్తి మొన జారి పక్కకి పోవడానికి. లోపల బోలెడు ఖాళీ. బొమ్మల్లో ఆడవాళ్ళకి వేసే రెండు గిన్నెల కవచమైతే దెబ్బని సరిగ్గా మధ్య ఎముక మీదకే నడిపిస్తుంది. (మగవాళ్ళేం తక్కువ తినలేదు. ప్రాచీన గ్రీకులు, రోమన్లు కంచు కవచం మీద కండలు, చనుమొనలతో సహా దిద్దించుకున్నారు. అది వాళ్ళ ముచ్చట. ఆ ముచ్చటకి వాళ్ళ దగ్గర ఏ ఆటలోనూ పన్ను వెయ్యడం నేను చూడలేదు.)

రియలిజం అనే మాట ఆ బల్ల దగ్గర ఇంకెక్కడా వినపడలేదు. బరువైన కవచం తొడుక్కోవడానికి పది నిమిషాలు పడుతుందని అదే పుస్తకంలో ఉంది. మా హాఫ్-ఆర్క్ నిద్రలేచిన క్షణంలో ఇనుములో మునిగి ఉండేవాడు. పుస్తకంలో ప్లేట్ ఆర్మర్ 65 పౌన్లు, అంటే దాదాపు 30 కిలోలు. అసలువి ఎక్కువభాగం 20, 25 కిలోల మధ్య ఉండేవి. దాని గురించి ఎవరికీ బెంగ లేదు. తోలు మీద మేకులు కొట్టిన కవచం ఒకటుంది ఆటలో. తోలు కింద ఇనుప రేకులు పెట్టి బిగించిన బ్రిగాండీన్‌ని పైనుంచి చూసి, మేకులే కవచం అనుకున్న పొరపాటు అది. దాన్నీ ఎవరూ సవరించలేదు. ఒళ్ళంతా ఇనుము బిగించుకున్న మగవాడు ఒంటేలుకి ఎలా వెళ్తాడో మూడు నెలల ఆటలో ఒక్కసారి కూడా చర్చకి రాలేదు. నిప్పులు కక్కే డ్రాగన్‌ని నమ్మగలిగారు. ఆడమనిషి ఛాతీ దగ్గరికొచ్చేసరికి ఇంజనీర్లైపోయారు.

ఇంతవరకూ చెప్పింది వాళ్ళు తప్పు అని. ఇప్పుడు వాళ్ళు ఒప్పైన చోటికి వస్తాను, నాకు ముఖ్యం అదే. కొలతల సమస్య నిజమే. మగ ఒంటికి కుట్టినవి మనకి పట్టవు. ఈ గొడవ జరిగిన మరుసటి నెలే, 2019 మార్చిలో, ఇద్దరు మహిళలు కలిసి చెయ్యాల్సిన మొట్టమొదటి అంతరిక్ష నడకని నాసా మార్చుకోవాల్సి వచ్చింది. ఇద్దరికీ మీడియం సైజు సూటే కావాలి, వాడకానికి సిద్ధంగా ఉన్నది ఒక్కటే. ఆ వార్త మా అమ్మాయే ఫోన్‌లో చూపించింది. "అన్న చెప్పింది కరెక్టే కదమ్మా, సైజు ప్రాబ్లమ్ ఉంటుంది కదా?" అంది. ఉంటుంది. అయితే అక్కడ ఎవరి చేతా 40 శాతం కట్టించలేదు. సూటు సిద్ధం చేసుకునే బాధ్యత సంస్థది. చేసుకుంది. ఆ అక్టోబర్ 18న క్రిస్టీనా కోక్, జెస్సికా మియర్ ఇద్దరూ బయటికొచ్చి నడిచారు. 2020లో కరోనా వార్డుల్లో మగ కొలతల పీపీఈ కిట్లలో మునిగిపోయిన నర్సులకి ఆ పాటి బాధ్యత తీసుకునేవాళ్ళు కూడా లేకపోయారు. కవచం పట్టకపోతే ఎవరు డబ్బు పెట్టాలి? ఎవరి ఒంటిని అసలు కొలతగా పెట్టుకుని, ఎవరి ఒంటిని సవరణ లెక్కలో రాస్తున్నారు? ఆ నోట్‌బుక్‌లోని ఒక్క వాక్యంలో ఇవన్నీ ముందే తేలిపోయి ఉన్నాయి.

సవరణ సంగతి మనకొకరు చెప్పాలా? జాకెట్టు కుట్టేటప్పుడు లోపల గుడ్డ వదిలిపెట్టమని చెప్పడం మన అమ్మలకి ఎవరూ నేర్పలేదు. ఎదిగే పిల్ల, పెళ్ళవుతుంది, నీళ్ళోసుకుంటుంది, ఒళ్ళు మారుతుంది, కుట్టు విప్పుకోవచ్చు. ఒళ్ళు మారుతుందని ముందే ఒప్పుకున్న కుట్టుపని అది. ఊళ్ళో ఒక మూల కూర్చున్న దర్జీకి ఉన్న ఈ ఇంగితం, రాజ్యాలు కల్పించి దేవుళ్ళని పుట్టించగల మా డంజన్ మాస్టర్‌కి లేకపోయింది.

హౌస్ రూల్ అంటే ఏమిటో కూడా కొంచెం చూడాలి. పుస్తకంలో లేకుండా, ఒక్కో బల్ల దగ్గర వాళ్ళు పెట్టుకునే నియమం. మక్కికి మక్కి తెలుగు చేస్తే ఇంటి నియమం. ఇంటి నియమాల గురించి ఈ పత్రిక చదివేవాళ్ళకి నేను చెప్పేదేముంది! "మా ఇంట్లో ఆడవాళ్ళు ముందు తినరమ్మా." "మా ఇంటి పద్ధతి ఇదీ." ఎక్కడ రాసుంది అని అడగడానికి ఉండదు, ఎక్కడా రాసి ఉండదు కాబట్టి. చట్టమైతే కోర్టుకెళ్ళొచ్చు, పుస్తకమైతే పేజీ తీసి చూపించొచ్చు. ఇంటి పద్ధతిని ప్రశ్నిస్తే మాత్రం ఇంట్లోవాళ్ళ మంచితనాన్ని ప్రశ్నించినట్టవుతుంది. ఆ సాయంత్రం అదే జరిగింది. నేను నియమం గురించి మాట్లాడుతుంటే అతను తన గురించి మాట్లాడుతున్నాననుకుని ముఖం చిన్నబుచ్చుకున్నాడు. నేను పచ్చడి డబ్బా వైపు చూసి నోరు మూసుకున్నాను.

ఈ ఆటకి ఇంటి నియమాల చరిత్ర పెద్దదే. 1976 అక్టోబర్‌లో ది డ్రాగన్ పత్రిక మూడో సంచికలో లెన్ లకోఫ్కా అనే ఆటగాడు స్త్రీ పాత్రల కోసం ప్రత్యేక నియమాలు రాశాడు. స్త్రీలనీ ఆటలోకి తెద్దామన్న సదుద్దేశంతోనే రాశాడు. వాటి ప్రకారం మగ పాత్ర బలానికి ఆరు ముఖాల పాచికలు మూడు వేస్తే, యోధురాలి బలానికి ఎనిమిది ముఖాలది ఒకటి, ఆరు ముఖాలది ఒకటి. అంటే అటు పద్దెనిమిది దాకా, ఇటు పద్నాలుగు దాకా. మగవాళ్ళకి వ్యక్తిత్వపు ఆకర్షణ ఉండే గడిలో ఆడవాళ్ళకి అందం. 1978లో వచ్చిన ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో అయితే అచ్చు పట్టికే ఉంది, ఏ జాతి స్త్రీ బలం ఎంతకి మించకూడదో. మానవ పురుషుడికి పై హద్దు 18/00, మానవ స్త్రీకి 18/50. హాఫ్లింగ్ అనే పొట్టి జాతిలో మగవాడికి 17, ఆడదానికి 14. ఒకదాన్నుంచి ఇంకోటి పుట్టిందని నేననను. ఒకే గాలి పీల్చారు. 1989లో వచ్చిన రెండో కూర్పులో ఆ హద్దులు తీసేశారు. పుస్తకంలోంచి పోయింది నోట్‌బుక్‌లోకి వచ్చి కూర్చుంది.

మన పోరాటాల్లో ఒక పొరపాటు కూడా నాకిక్కడ కనిపిస్తోంది. ఫాంటసీ కవచం గురించి ఫెమినిస్టులు ఎక్కువగా మాట్లాడింది బొమ్మల గురించే. మాట్లాడాల్సిందే. రాబర్ట్ హోవర్డ్ రాయగా 1934లో అచ్చయిన కథలో రెడ్ సోన్యా 1529 నాటి వియన్నా ముట్టడిలో కత్తి, తుపాకీ పట్టిన మనిషి. 1973లో ఆ పేరుతో మార్వెల్ కామిక్స్‌లోకి వచ్చిన సోన్జాకి మొదట ఇనుప కడియాల చొక్కా ఉండేది. 1974లో ఎస్తెబాన్ మరోతో గీసిన బొమ్మతో అది లోహపు బికినీ అయింది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ పుట్టింది కూడా ఆ ఏడాదే, ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఫాంటసీ అట్టల మీద ఆ బికినీ చలికి వణక్కుండా నిలబడింది. దాన్ని ఎగతాళి చేసి, విమర్శించి, 2014 పుస్తకం వచ్చేనాటికి యోధురాళ్ళకి మెడ దాకా కవచం తొడిగించగలిగాం. సంతోషం. మా బల్ల మీద ఉన్నది ఆ పుస్తకమే. బొమ్మలో ఆమె నిండుగా కవచం తొడుక్కునే ఉంది. దాని పక్కనే పెట్టిన నోట్‌బుక్‌లో ఆమె 40 శాతం బాకీ ఉంది. బొమ్మ అందరికీ కనిపిస్తుంది, దాని మీద వ్యాసం రాయొచ్చు. పద్దు పుస్తకం ఎవరు చూస్తారు?

డంజన్ మాస్టర్ భార్య కూడా మాతో ఆడుతుంది. గొడవంతా అయ్యాక వంటింట్లో టీ పెడుతూ నాతో అంది: "వదినా, నేను అందుకే మొదట్నుంచీ మాంత్రికురాలిని ఆడతాను. కవచం గొడవే ఉండదు." ఆవిడ ఎమ్మెస్ చదివింది, భర్త కంటే పెద్ద ఉద్యోగం చేస్తోంది. ఆ నియమం ఉందని ఆవిడకి ముందే తెలుసు. ఆడిన రెండేళ్ళలో మాంత్రికురాలు తప్ప ఇంకేదీ ఎంచుకోలేదు, ఎందుకని ఎవరూ అడగనూ లేదు. "ఆవిడకి మ్యాజిక్ అంటే ఇష్టం" అనుకున్నాం. ఆడపిల్లలకి సైన్సు కంటే ఆర్ట్స్ ఇష్టం అనుకున్నట్టు.

మగపేరు పెట్టుకుంటే పని జరుగుతుందన్నది కొత్త ఉపాయమేం కాదు. కాకతీయ గణపతిదేవుడి కూతురు సింహాసనం ఎక్కాక శాసనాల్లో రుద్రదేవ మహారాజు. మనం గర్వంగా చెప్పుకుంటాం ఆ సంగతి. నేనూ స్కూల్లో ఉపన్యాసపు పోటీలో చెప్పి స్టీలు గ్లాసు గెలుచుకున్నాను. మా అమ్మాయి రబ్బరుతో చెరిపేస్తుంటే మొదటిసారి ఆ పేరు నాకు గర్వంగా వినిపించలేదు. రాజ్యం ఏలగలిగిన మనిషి చేత కూడా ఎవరో ఆ ఖర్చు కట్టించారు.

ఈ వ్యాసం చిత్తుప్రతి చూసిన స్నేహితురాలు, దశాబ్దాలుగా ఉద్యమంలో ఉన్న మనిషి, "రాక్షసుల్ని నరికే ఆటలో సమానత్వం కోసం కూడా మనం కొట్లాడాలా?" అంది. ఆ ఆటే హింసాత్మకం, అందులో న్యాయమైన వాటా అడగడమేమిటని ఆవిడ బాధ. నాకు ఆ ప్రశ్న మీద గౌరవం ఉంది. కానీ ఇక్కడ లోకం పూర్తిగా మన చేతుల్లో ఉంది. గురుత్వాకర్షణని రద్దు చెయ్యొచ్చు, చచ్చినవాళ్ళని లేపొచ్చు. ఏ సంప్రదాయం, ఏ మార్కెట్టు, ఏ అత్తగారు అడ్డం లేని చోట కూర్చుని, చదువుకున్న, మంచివాళ్ళైన నలుగురు, ఆడదానికి ఖర్చెక్కువ అనే నియమాన్ని పనిగట్టుకుని కల్పించుకున్నారు. దీన్ని ఆటే కదా అని వదిలెయ్యడం నావల్ల కాదు.

తర్వాతి శనివారం నేను ఒక సవరణ ప్రతిపాదించాను. పుస్తకంలో ఉన్నట్టే ఉంచండి, ఎవరికి కవచం దొరికినా నాలుగు ముఖాల పాచిక వెయ్యండి, ఆడైనా మగైనా, హాఫ్-ఆర్క్ అయినా. ఓటింగ్ పెట్టారు. మూడు, మూడు. మాంత్రికురాలు మావైపు చెయ్యెత్తింది, మొగుడి వైపు చూడకుండా. సమానమైతే డంజన్ మాస్టర్ మాటే చెల్లుతుందని ఇంకో హౌస్ రూల్ ఉందట. చెల్లింది. మా అమ్మాయి మగపేరుతోనే ఆ వేసవి దాకా ఆడి మానేసింది. నేను దానికంటే ముందే మానేశాను.

ఇప్పుడది కాలేజీ అయిపోయి ఉద్యోగంలో ఉంది, తనే డంజన్ మాస్టర్‌గా ఒక బల్ల నడుపుతోంది. వాళ్ళ నియమాల కాగితం నాకు పంపించింది. కవచం సవరణ ఖర్చు ఎవరిదైనా సరే గుంపు ఉమ్మడి మూటలోంచి తియ్యాలని ఉంది అందులో. మొదటి ఆటలోనే ఒక కుర్రాడు, నా వాటా డబ్బుతో ఇంకొకళ్ళ కవచం ఎందుకు బాగుచేయించాలని అడ్డం తిరిగాడట. రెండు గంటలు వాదించుకున్నారట, ఆ రాత్రి డ్రాగన్ దాకా వెళ్ళనే లేదట.